తరుగెంత, టంకమెంత: సముద్ర సీస్మిక్ డేటాను మీరే ప్రాసెస్ చేసి చదవడం ఎలా

ఆదివారాలు మా ఇంటికి ఒకరిద్దరు ఎమ్మెస్సీ జియాలజీ పిల్లలు వస్తుంటారు. చేతిలో సీస్మిక్ సెక్షన్ ప్రింటవుట్ ఉంటుంది. శబ్దం పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనులతో గీసిన భూగర్భ బొమ్మ అది. "అన్నా, ఇక్కడ ఫాల్ట్ ఉంది, ఇక్కడ గ్యాస్ ఉన్నట్టుంది" అని పెన్సిల్‌తో గీసి చూపిస్తారు. ఫాల్ట్ అంటే పొరలు విరిగి జరిగిన చోటు. నేను అడిగేవి మూడే ప్రశ్నలు: దీనికి ఏజీసీ వేశారా? మల్టిపుల్స్ తీశారా? మైగ్రేషన్ ఏ వేగాలతో చేశారు? (ఈ మాటలన్నీ ముందు ముందు వస్తాయి.) ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. వాళ్ల తప్పేం లేదు. సెక్షన్ ఎలా చదవాలో సెమిస్టరంతా చెబుతారు, ఆ సెక్షన్ ఎలా తయారైందో మాత్రం ఒక పేజీలో ముగిస్తారు.

ఓడ నీటిలో గాలి తుపాకీ (ఎయిర్ గన్) పేల్చి, కింది పొరల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనులను వెనక లాగే కేబుల్‌లోని నీటి మైకులతో (హైడ్రోఫోన్లు) పట్టుకుంటుంది. అంటే ఓడ సముద్రం నుంచి తెచ్చేది చప్పుళ్ల మూట. దాన్ని బొమ్మగా చేసేది ప్రాసెసింగ్. ప్రొద్దుటూరులో నగ చేయించుకున్న వాళ్లెవరికైనా తరుగు, టంకం అనే రెండు మాటలు తెలుసు. పనిలో కొంత బంగారం పోతుంది, అది తరుగు. అతుకు కోసం బయటి లోహం కొంత కలుస్తుంది, అది టంకం. సీస్మిక్ డేటాలో కూడా ప్రతి మెట్టులో ఈ రెండూ జరుగుతాయి. భూమి నుంచి వచ్చిన సంకేతం కొంత పోతుంది, భూమిలో లేనిది కొంత చేరుతుంది. నిజమైన సముద్ర లైన్ ఒకదాన్ని మీ ల్యాప్‌టాప్‌లో ప్రాసెస్ చేస్తూ ఈ రెండింటి లెక్క రాసుకోవడం ఎలాగో చెబుతాను.

సముద్రం లేని సీమలో ఇదంతా ఎందుకనుకోకండి. కడప నుంచి మైపాడు దాకా పోతే గానీ అల కనబడదు, నిజమే. కానీ సముద్రంలో ఆయిల్ బావి తవ్వేటప్పుడు బావిలో పోసే బురద బరువెక్కడానికి ముగ్గురాయి పొడి కలుపుతారు. ఆ ముగ్గురాయికి ప్రపంచంలోనే పేరున్న గని మన మంగంపేటలో ఉంది. 1970ల్లో హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు కావలి నుంచి ఉడుపి దాకా లోతైన సీస్మిక్ లైన్ వేసినప్పుడు అది కడప బేసిన్ మీదుగానే పోయింది. ఈ పని మనకు అంత పరాయిదేం కాదు.

ముందుగా సమకూర్చుకోవలసినవి

8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ చాలు. అందులో లైనక్స్ ఉండాలి. విండోస్ మాత్రమే ఉంటే అందులోనే లైనక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ వేసుకోండి. సాఫ్ట్‌వేర్‌కు సీస్మిక్ యునిక్స్ తీసుకోండి. కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్ వాళ్లు తయారుచేసి ఉచితంగా ఇచ్చిన ప్యాకేజీ ఇది. అందంగా ఉండదు, మెనూలు ఉండవు, నల్ల తెర మీద కమాండ్లు కొట్టాలి. నేర్చుకోవడానికి అదే మంచిది. బటన్ నొక్కితే పని జరిగిపోయే సాఫ్ట్‌వేర్‌లో ఏ సంఖ్య ఎందుకు ఇచ్చామో ఎవరూ ఆలోచించరు.

డేటాకు ఉత్తర సముద్రంలోని వైకింగ్ గ్రాబెన్ లైన్ 12 పెట్టుకోండి. మొబిల్ కంపెనీ 1994లో భూభౌతిక శాస్త్రవేత్తల సంఘమైన ఎస్‌ఈజీ వర్క్‌షాప్ కోసం ఇచ్చిన లైన్ అది, ఇప్పటికీ ఉచితంగా దొరుకుతుంది. 1001 షాట్లు (గన్ పేలుళ్లు), ఒక్కో షాట్‌కు 120 ఛానళ్లు (కేబుల్ మీద వినే చోట్లు), 4 మిల్లీసెకన్లకు ఒక శాంపిల్ (కొలత) చొప్పున 6 సెకన్ల రికార్డు. మొత్తం 1,20,120 ట్రేసులు (ఒక్కో షాట్‌కు ఒక్కో ఛానల్ రాసిన రికార్డు), 750 ఎంబీ దాకా ఉంటుంది. మన కృష్ణా-గోదావరి బేసిన్ డేటాతోనే నేర్చుకుంటే బాగుండు అనిపిస్తుంది. అది కేంద్ర ప్రభుత్వ చమురు శాఖ కింద ఉన్న డీజీహెచ్ నడిపే నేషనల్ డేటా రిపాజిటరీలో ఉంది, యూనివర్సిటీ తరఫున దరఖాస్తు పెట్టుకోవాలి. అది వచ్చేలోపు చేయి తిరగాలంటే వైకింగ్ లైన్ సరిపోతుంది.

ఇంకొకటి, 200 పేజీల లాంగ్ నోట్‌బుక్. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ప్రతి మెట్టుకు ఒక పేజీ. ఏ కమాండ్, ఏ సంఖ్యలు, ఏం పోయింది, ఏం చేరింది. మా వీధిలో కరెంటు పోయిన రోజుల్లో నన్ను కాపాడింది ఈ నోట్‌బుక్కే.

మొదటి మెట్టు: కంప్యూటర్ తెరవకముందే లెక్క వేయండి

ఈ లైన్‌లో షాట్ల మధ్య 25 మీటర్లు, ఛానళ్ల మధ్య 25 మీటర్లు. ఎయిర్ గన్ నీటిలో 6 మీటర్ల లోతున, కేబుల్ 10 మీటర్ల లోతున ఉన్నాయి. గన్ నుంచి మొదటి హైడ్రోఫోన్‌కు 262 మీటర్లు, చివరి దానికి 3237 మీటర్లు. ఈ అరడజను అంకెలు కాగితం మీద పెట్టుకుంటే చాలా సంగతులు ముందే బయటపడతాయి.

ఒకటి, ఘోస్ట్. గన్ పేలినప్పుడు శబ్దం కిందికే కాదు, పైకి కూడా పోతుంది. నీటి ఉపరితలానికి తగిలి గుర్తు (ప్లస్, మైనస్) తిరగబడి, అసలు అల వెనకాలే కిందికి వస్తుంది. కేబుల్ దగ్గర కూడా ఇదే కథ. అసలు అల, తిరగబడిన అల కలిసినప్పుడు కొన్ని ఫ్రీక్వెన్సీలు చచ్చిపోతాయి. ఏ ఫ్రీక్వెన్సీ చస్తుందో తెలుసుకోవడం సులువు. నీటిలో శబ్ద వేగం 1500ను లోతుకు రెట్టింపుతో భాగించండి. 6 మీటర్ల గన్‌కు 125 హెర్ట్జ్, 10 మీటర్ల కేబుల్‌కు 75 హెర్ట్జ్. అంటే ఈ డేటాలో 75 దగ్గర పుట్టుకతోనే ఒక గుంట ఉంది. రేపు ఎవరైనా దీన్ని ప్రాసెస్ చేసి 75 దగ్గర నిగనిగలాడే సెక్షన్ చూపిస్తే, ఆ నిగనిగ ఎక్కడి నుంచి వచ్చిందని అడగాలి.

రెండు, ఎంత సన్నటి పొర కనబడుతుంది. తరంగం పొడవులో పావు వంతు కంటే పలచగా ఉన్న పొర పైఅంచూ కిందిఅంచూ విడిగా కనబడవు. వేగం 2000, ఫ్రీక్వెన్సీ 40 అయితే తరంగం 50 మీటర్లు, పావు 12.5 మీటర్లు. ఇది ఒంటికి పట్టాలంటే గండికోట పోయి లోయ అంచున కూర్చోండి. ఎదుటి గోడ సుమారు 300 అడుగులు, 90 మీటర్లు అనుకుందాం. పేర్చిన ఇటుకల్లా పొరలు కంటికి లెక్కకు మించి కనబడతాయి. క్వార్ట్‌జైట్‌లో వేగం 5000 వేసుకుంటే 40 హెర్ట్జ్‌కు పావు తరంగం 31 మీటర్లు. మీరు చూస్తున్న ఆ గోడంతా సీస్మిక్‌కు మహా అయితే మూడు గీతలు. సెక్షన్‌లో ఒక గీత కనిపిస్తే దాన్ని ఒక పొర అనుకునే అలవాటు అక్కడే, పెన్నా సాక్షిగా వదిలేసి రండి.

రెండో మెట్టు: పచ్చి డేటాను చూడండి, హెడర్లను అనుమానించండి

సీస్మిక్ డేటాను దాచే సెగ్-వై ఫైల్ తెరవడానికి సెగ్‌వైరీడ్ కమాండ్ ఉంది. ఫైల్ మొదట్లో 3200 బైట్ల అక్షర హెడర్ (డేటా వివరాలు), తర్వాత 400 బైట్ల బైనరీ హెడర్, ఆపైన ఒక్కో ట్రేస్‌కు 240 బైట్ల హెడర్. షాట్ నంబరు, ఛానల్, ఆఫ్‌సెట్ (గన్ నుంచి హైడ్రోఫోన్‌కు దూరం) అన్నీ ఆ 240లో ఉంటాయి. హెడర్ అంకెల హద్దులు చూపే సురేంజ్ కొట్టి అంకెలు నోట్‌బుక్‌లో రాసుకున్న లెక్కతో సరిపోతున్నాయో లేదో చూడండి.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, నేను పనిచేసిన చోట ఒక లైన్‌కు మొదటి ఆఫ్‌సెట్ వంద మీటర్లు తక్కువగా టైప్ అయింది. ఎవరూ గమనించలేదు. మూడు వారాల పాటు పొరల్లో శబ్ద వేగాలు పిక్ చేశాం (ఎంచుకున్నాం). సముద్రం అడుగుకు దగ్గర్లో వేగం నీటి వేగం కంటే తక్కువ వస్తోంది. నీటి కంటే నెమ్మదిగా శబ్దం పోయే బురద ఉండొచ్చేమోనని ఒకరు సిద్ధాంతం కూడా లేవదీశారు. నిజంగా కొన్ని మెత్తటి బురదల్లో వేగం నీటి కంటే కాస్త తగ్గుతుంది, అందుకే ఆ మాట నమ్మబుద్ధేసింది. తప్పు టైపింగ్‌దని తేలేసరికి మూడు వారాల పని మళ్లీ మొదటికొచ్చింది.

మీకు ఆ టెన్షన్ రాకుండా ఒక చిట్కా. షాట్‌లో, దగ్గరి ట్రేసుల్లో అన్నిటికంటే ముందు, గన్ నుంచి హైడ్రోఫోన్‌కు నీటిలో నేరుగా వచ్చే అల ఉంటుంది. 262 మీటర్లకు 1500 చొప్పున 0.175 సెకను. అక్కడి నుంచి ఒక్కో ట్రేస్‌కు 25 మీటర్లు, అంటే దాదాపు 17 మిల్లీసెకన్ల చొప్పున వెనక్కి జరగాలి. వాలు సరిగ్గా ఉండి మొత్తం గీత పైకో కిందికో జరిగి ఉంటే, రికార్డింగ్ ఆలస్యమైనా ఉండాలి, ఆఫ్‌సెట్ అంకె తప్పైనా పడి ఉండాలి. వాలే తేడాగా ఉంటే ఛానళ్ల మధ్య దూరం తప్పు. పది నిమిషాల పని.

తర్వాత ఓ యాభై షాట్లు వరుసగా తిప్పి చూడండి. చచ్చిన ట్రేసులు, అరిచే ట్రేసులు గుర్తించి తీసేయండి. అలల ఊపుకు కేబుల్ అదిరి పుట్టే రొద తక్కువ ఫ్రీక్వెన్సీలో, ఎక్కువగా 10 హెర్ట్జ్ లోపు ఉంటుంది. దానికి లో-కట్ ఫిల్టర్ వేస్తారు. ఫిల్టర్‌ను 10 దాకా లాగితే రొదతో పాటు లోతైన పొరల సంకేతం కూడా పోతుంది, ఎందుకంటే లోతుకు పోయి తిరిగి వచ్చేవి తక్కువ ఫ్రీక్వెన్సీలే. 3 నుంచి 5 మధ్య ఆపి, మిగిలిన రొదను వేరే విధంగా పట్టుకోవడం మేలు.

ఎప్పటికీ వదలకూడని అలవాటు: తీసేసిందాన్ని చూడండి

ఫిల్టర్ వేశాక అందరూ శుభ్రమైన బొమ్మ చూసి సంతోషపడతారు. మీరు అలా ఆగకండి. ముందు ఫైల్‌లోంచి తర్వాతి ఫైల్‌ను తీసివేయండి, సుడిఫ్ అనే కమాండ్ ఆ పనికే ఉంది. వచ్చేది మీరు పారేసిన చెత్త. బంగారు పని జరిగే అంగళ్ల ముందు మట్టి ఊడ్చుకుపోయి కడిగి పొడి వెతికేవాళ్లను చూసే ఉంటారు. అదే పని మీ చెత్త మీద మీరే చేయాలి. అందులో రొద తప్ప ఏమీ లేకపోతే మంచిది. పొరల్లాంటి గీతలు కనబడితే అది బంగారమే, మీరు ఎక్కువ గీకేశారు. సంఖ్యలు సడలించి మళ్లీ వేయండి.

ఇక ముందు చెప్పే ప్రతి మెట్టుకూ ఇది వర్తిస్తుంది. మళ్లీ మళ్లీ చెప్పను.

మూడో మెట్టు: గెయిన్, అందులో ఉన్న పెద్ద మోసం

శబ్దం లోతుకు పోయేకొద్దీ గోళంలా విస్తరించి బలహీనపడుతుంది. దాన్ని సరిచేయడానికి కాలంతో పాటు పెరిగే గుణకం వేస్తారు. సుగెయిన్‌లో కాలం వర్గంతో గుణించడం మామూలుగా చేసే మొదటి ప్రయత్నం. ఇది అన్ని ట్రేసులకూ ఒకేలా పడుతుంది కాబట్టి పక్కపక్కన ఉన్న పొరల బలాబలాలు చెడవు.

ఏజీసీ అలా కాదు. అది ట్రేస్ వెంబడి ఒక కిటికీ జరుపుకుంటూ, ఎక్కడ నీరసంగా ఉంటే అక్కడ పెంచి, ఎక్కడ గట్టిగా ఉంటే అక్కడ తగ్గిస్తుంది. బడిలో అందరికీ ఒకే మార్కులు వేసినట్టు. తెర మీద చూడటానికి ఏజీసీ బాగుంటుంది, నేనూ వేస్తాను. దాని మీద గ్యాస్ గురించి మాట్లాడితే మాత్రం మోసపోతాం. గ్యాస్ ఉన్న ఇసుక పొర చాలాసార్లు చుట్టుపక్కల కంటే మెరుస్తూ కనబడుతుంది, బ్రైట్ స్పాట్ అంటారు. ఏజీసీ ఆ మెరుపును సగటుకు దింపేస్తుంది. దాని పైనా కిందా నీడలు కూడా వేస్తుంది, ఆ నీడలను ఏ షేల్ పొరో అనుకునే ప్రమాదం ఉంది.

దీన్ని చేసి చూడండి. (స్టాక్ అంటే ట్రేసులను కలిపి చేసిన సెక్షన్, ఆరో మెట్టులో వస్తుంది.) ఒకే స్టాక్‌ను రెండు కాపీలు చేసి, ఒకదానికి కాలం వర్గం గెయిన్, రెండోదానికి 500 మిల్లీసెకన్ల ఏజీసీ వేసి పక్కపక్కన పెట్టండి. రెండు వేర్వేరు చోట్ల తీసిన సెక్షన్లేమో అనిపిస్తుంది. విశ్లేషణకు వెళ్లే ఫైల్‌లో ఏజీసీ ఉండకూడదు. ఇంట్లో వాళ్లకు చూపించే బొమ్మలో ఉన్నా పర్లేదు.

నాలుగో మెట్టు: డీకన్వల్యూషన్

ఎయిర్ గన్ ఒక్కసారి టక్కుమని ఆగదు. గాలి బుడగ ఉబ్బి, కుంచించుకుని, మళ్లీ ఉబ్బుతుంది. ఆ తోక ప్రతి ప్రతిధ్వని వెనకాలా వేలాడుతుంది. ఆ తోకను కత్తిరించేదే డీకన్వల్యూషన్. 1950ల తొలి సంవత్సరాల్లో ఎంఐటీలో ఎండర్స్ రాబిన్సన్ లాంటి వాళ్లు నార్బర్ట్ వీనర్ గణితాన్ని సీస్మిక్‌కు తెచ్చినప్పటి నుంచి ఈ పద్ధతి నడుస్తోంది.

సుపెఫ్ కమాండ్‌లో ముఖ్యమైనవి రెండు అంకెలు: ఎక్కడి నుంచి కత్తిరించాలి, ఎంత దూరం దాకా. ట్రేస్‌ను దానితోనే పోల్చే ఆటోకోరిలేషన్ తీసి చూడండి. మొదటి ముద్ద అసలు అల, తర్వాత వచ్చే అలలు తోక. కోత మొదటి ముద్ద అయిపోయాక మొదలు కావాలి. ఒక్క శాంపిల్ దగ్గరే మొదలుపెడితే అల సూదిలా సన్నబడుతుంది, సెక్షన్ చాలా పదునుగా కనబడుతుంది. ఆ పదునులో సగం పెరిగిన రొదే. కొత్తవాళ్లు ఇక్కడే పడిపోతారు, పదును చూసి వివరం అనుకుంటారు.

ఇంకో చిక్కు. భూమిలో పొరలు క్రమం లేకుండా ఉంటాయనే నమ్మకం మీద ఈ పద్ధతి నిలబడింది. క్రమంగా మళ్లీ మళ్లీ వచ్చేదేదైనా తోక కిందే లెక్క. బేతంచెర్ల వైపు బండల క్వారీలో నిలబడితే నాపరాళ్లు దాదాపు ఒకే మందంలో పలక మీద పలకగా ఉంటాయి కదా. సముద్రం కింద ఎక్కడైనా అలాంటి క్రమం కాస్త పెద్ద ఎత్తున, సీస్మిక్ చూడగలిగే మందంలో ఉంటే, డీకన్వల్యూషన్ దాన్ని కూడా తోకనుకుని కోసేయగలదు. అందుకే కోత పొడవు అవసరానికి మించి పెట్టకండి.

ఐదో మెట్టు: మల్టిపుల్స్

సముద్ర డేటాలో అసలు యుద్ధం ఇక్కడే. నీటి ఉపరితలం శబ్దానికి అద్దం లాంటిది, కింద నుంచి వచ్చిన అలను దాదాపు పూర్తిగా, గుర్తు మార్చి వెనక్కి పంపుతుంది. అది మళ్లీ సముద్రం అడుగుకు తగిలి మళ్లీ పైకి వస్తుంది. రికార్డులో సముద్రం అడుగు రెండుసార్లు, మూడుసార్లు కనబడుతుంది. ఆ అదనపు ప్రతులే మల్టిపుల్స్. నీటి లోతు 1000 మీటర్లు అయితే అడుగు 1.33 సెకన్ల దగ్గర, మొదటి మల్టిపుల్ 2.67 దగ్గర. సరిగ్గా మీరు గ్యాస్ కోసం వెతికే లోతులో అది వచ్చి కూర్చుంటుంది.

గుర్తుపట్టడానికి మూడు పనులు చేయండి. మొదట, సముద్రం అడుగు కాలానికి రెట్టింపు దగ్గర స్కేల్ పెట్టి గీత గీసి, దాని మీద పడుతున్నవన్నీ అనుమానితులుగా రాసుకోండి. రెండు, వాలు చూడండి. అడుగు ఒకవైపు వాలి ఉంటే మల్టిపుల్‌లో ఆ వాలు రెట్టింపవుతుంది. మూడు, గుర్తు చూడండి. అడుగు నల్లగా కనబడితే మొదటి మల్టిపుల్ తెల్లగా కనబడుతుంది.

తీయడానికి వాడే ఆయుధాల్లో రాడాన్ అనే గణిత పద్ధతి ఒకటి. దాని వెనక ఉన్న ఆలోచన వేగం. 2.0 సెకన్ల దగ్గర రెండు ప్రతిధ్వనులు ఉన్నాయనుకోండి. ఒకటి 2000 వేగంతో వచ్చిన అసలు పొర, ఇంకొకటి నీటిలోనే తిరిగిన 1500 వేగపు మల్టిపుల్. 3000 మీటర్ల దూరంలోని హైడ్రోఫోన్‌కు మొదటిది 2.5 సెకన్లకు చేరుతుంది, రెండోది 2.83 సెకన్లకు. 330 మిల్లీసెకన్ల తేడా, ఇట్టే విడదీయొచ్చు. మరి 300 మీటర్ల దూరంలో? లెక్క వేస్తే తేడా 4 మిల్లీసెకన్లు. మన డేటాలో ఒక్క శాంపిల్! దగ్గరి ట్రేసుల్లో రాడాన్‌కు ఏది పొరో ఏది మల్టిపులో తెలియదు. అక్కడ కొంత మల్టిపుల్ మిగిలిపోతుంది, లేదా అసలు పొరలో కొంత తరుగు పోతుంది. దూరం పెరిగేకొద్దీ ప్రతిధ్వని బలం ఎలా మారుతుందో చూసి గ్యాస్ ఉందో లేదో చెప్పే ఏవీఓ విశ్లేషణకు దగ్గరి ట్రేసులే ప్రాణం. కాబట్టి సురాడాన్ వేశాక తీసేసిందాన్ని ఆఫ్‌సెట్ వారీగా పరిశీలించండి, మొత్తంగా చూసి వదిలేయకండి.

ఎస్‌ఆర్‌ఎంఈ అనే పద్ధతి డేటాలోంచే మల్టిపుల్స్‌ను అంచనా కట్టి తీసేస్తుంది, వేగాలు అక్కర్లేదు. లోతైన నీటిలో బాగా పనిచేస్తుంది. కానీ దానికి సున్నా దూరం దాకా ట్రేసులు కావాలి, మనకేమో 262 దగ్గర మొదలవుతాయి. మధ్యలో లేనివాటిని ఊహించి నింపుతారు. నీరు తక్కువ లోతున్న చోట ఆ ఊహ చెడిపోతుంది, అక్కడ డీకన్వల్యూషనే నయం. కంపెనీ రిపోర్టులో "మల్టిపుల్స్ తొలగించబడినవి" అని ఒక్క లైన్ ఉంటే నాకు నవ్వొస్తుంది. మల్టిపుల్స్ పూర్తిగా తొలగిన డేటాను నేనింతవరకు చూడలేదు.

ఆరో మెట్టు: వేగాలు, స్టాక్

ఒకే బిందువు నుంచి ప్రతిబింబించిన ట్రేసులన్నీ ఒక చోట చేర్చి, దూరం వల్ల వచ్చిన ఆలస్యాన్ని సరిచేసి, కలిపేస్తే స్టాక్. మన లైన్‌లో ఒక్కో బిందువుకు ఎన్ని ట్రేసులు? ఛానళ్లు 120 ఇంటూ 25, దాన్ని షాట్ దూరానికి రెట్టింపైన 50తో భాగిస్తే 60. అరవై ట్రేసులు కలిపితే రొద మీద సంకేతం అరవై వర్గమూలం మేరకు, అంటే దాదాపు ఏడుముప్పావు రెట్లు మెరుగవుతుంది. వేగం సరిగ్గా ఉంటేనే సుమా.

సువెలాన్ ఇచ్చే ముద్దల బొమ్మలో వేగాలు పిక్ చేయాలి. లోతుకు పోయేకొద్దీ వేగం మొత్తానికి పెరుగుతూ పోతుంది. ఒక చోట ముద్ద బాగా మెరుస్తూ 1500 దగ్గరే ఉందంటే అది మల్టిపుల్, దాని జోలికి పోకండి. పిల్లలు ఎక్కువగా చేసే తప్పు ఇదే, మెరిసే ముద్ద మీదే క్లిక్ చేస్తారు. మల్టిపుల్ వేగంతో స్టాక్ చేస్తే మల్టిపులే అందంగా వస్తుంది, అసలు పొర చెదిరిపోతుంది.

వేగం తప్పితే లోతు కూడా తప్పుతుంది. 2 సెకన్ల ప్రతిధ్వనికి సగటు వేగం 2000 అయితే పొర 2000 మీటర్ల లోతున ఉంది. 2100 అనుకుంటే 2100 మీటర్లు. అయిదు శాతం తేడాకు వంద మీటర్లు. అనంతపురం రైతు కొబ్బరికాయ పట్టుకుని బోరు పాయింట్ పెట్టించి వంద మీటర్లు తప్పితేనే ఏడుస్తాడు, సముద్రంలో రిగ్గు పెట్టిన వాళ్ల సంగతి చెప్పాలా.

ఆలస్యం సరిచేసేటప్పుడు దూరపు ట్రేసులు సాగిపోతాయి. 0.5 సెకన్ల దగ్గర ఉన్న పొరకు, వేగం 1600 అయితే, 3000 మీటర్ల దూరంలో 40 హెర్ట్జ్ అల సాగి 10 హెర్ట్జ్‌కు పడిపోతుంది. అందుకే పైభాగంలో దూరపు ట్రేసులను మ్యూట్ చేస్తాం, అంటే సున్నా చేస్తాం. మ్యూట్ గీత ఎక్కడ గీశారో నోట్‌బుక్‌లో బొమ్మ వేసుకోండి. ఆ గీత కిందా పైనా ఫోల్డ్ (కలిసే ట్రేసుల సంఖ్య) మారుతుంది, ఫోల్డ్ మారిన చోట ప్రతిధ్వని బలం మారినట్టు కనబడుతుంది. దాన్ని రాతి మార్పు అనుకున్న వాళ్లున్నారు.

ఏడో మెట్టు: మైగ్రేషన్

స్టాక్‌లో ప్రతి గీతా దాని అసలు చోట ఉండదు. వాలు పొరలు పక్కకు జరిగి ఉంటాయి, విరిగిన అంచులు గొడుగుల్లా పరుచుకుని ఉంటాయి, లోయలు బో టై ముడిలా కనబడతాయి. మైగ్రేషన్ వాటిని తిరిగి చోట పెడుతుంది. మైగ్రేషన్ ముందు ఒక్కో బిందువు దగ్గర కనబడేది నిజానికి చుట్టూ ఎంతో మేర నుంచి వచ్చిన కలగలుపు. వేగం 2000, 2 సెకన్లు, 40 హెర్ట్జ్ అయితే ఆ మేర వ్యాసార్ధం 220 మీటర్లు పైనే.

మీ వేగాలతో ఒకసారి, అయిదు శాతం తగ్గించి ఒకసారి, అయిదు శాతం పెంచి ఒకసారి, మొత్తం మూడు మైగ్రేషన్లు చేయండి. తక్కువ వేగంతో గొడుగులు పూర్తిగా మూసుకోవు. ఎక్కువ వేగంతో అవి తలకిందులై నవ్వు మొహంలా పైకి వంగుతాయి. మూడింటిలోనూ ఒకే చోట ఉన్న ఫాల్ట్‌ను నమ్మండి. ఒకదానిలో మాత్రమే ఉండి మిగతా రెండింటిలో మాయమయ్యే ఫాల్ట్ పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. 2డీ లైన్‌లో పక్క నుంచి వచ్చే అలలను మైగ్రేషన్ ఏమీ చేయలేదు. ఓడ ఒక లోయ పక్కగా పోతే ఆ లోయ గోడ మీ సెక్షన్‌లో పొరలా వచ్చి కూర్చుంటుంది, దానికి మందు 3డీ సర్వేనే.

ఎనిమిదో మెట్టు: ముస్తాబును పట్టుకోండి

అంతా అయ్యాక, బొమ్మ నునుపుగా రావడానికి పక్క ట్రేసులను కలిపేస్తారు, రొద తగ్గించే ఎఫ్-ఎక్స్ డీకన్ వేస్తారు, కొన్ని ఫ్రీక్వెన్సీలనే ఉంచే బ్యాండ్‌పాస్ వేస్తారు. ఇక్కడ చేరే టంకం ఎంతో తెలుసుకోవడానికి నేను పిల్లలందరితో చేయించే ప్రయోగం ఒకటుంది. ఖాళీ ట్రేసులు తయారు చేసి, వాటిలో వట్టి రొద నింపండి. అందులో భూమి లేదు, పొర లేదు, ఏమీ లేదు. దానికి 10 నుంచి 40 హెర్ట్జ్ బ్యాండ్‌పాస్ వేసి, సుమిక్స్‌తో ఏడేసి ట్రేసులు కలపండి. తెర మీద చక్కటి అడ్డపొరలు, మధ్యలో చిన్న చిన్న ఫాల్టులు కూడా వస్తాయి. ఆ ప్రింటవుట్‌ను ఏమీ చెప్పకుండా మీ స్నేహితుడి చేతికిచ్చి ఇంటర్‌ప్రెట్ చేయమనండి. మా ఇంట్లో ఒక అబ్బాయి దానిలో డెల్టాను కూడా కనిపెట్టాడు.

తొమ్మిదో మెట్టు: ఇప్పుడు చదవండి

ముందు పొలారిటీ తేల్చుకోండి, అంటే ఏ రంగు ప్లస్, ఏ రంగు మైనస్ అని. సెక్షన్ మీద ఏం రాసి ఉన్నా, సముద్రం అడుగును చూడండి. నీటి నుంచి మట్టిలోకి పోయేటప్పుడు ప్రతిధ్వని గుర్తు ప్లస్. అది మీ సెక్షన్‌లో ఏ రంగులో ఉందో అదే ప్లస్. మధ్యలో ఎవరో ఒక మెట్టులో గుర్తు తిప్పి రాసుకోవడం మరిచిపోయినా, అడుగు అబద్ధం చెప్పదు.

ఇది ఎంత ముఖ్యమో మన తీరంలోనే ఉదాహరణ ఉంది. 2006లో భారత గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమమైన ఎన్‌జీహెచ్‌పీ తొలి యాత్రలో జాయిడీస్ రెజల్యూషన్ ఓడ కృష్ణా-గోదావరి బేసిన్‌లో గ్యాస్ హైడ్రేట్ల (గ్యాస్ చిక్కుకున్న మంచులాంటి పదార్థం) కోసం తవ్వింది. ఒక చోట 128 మీటర్ల మందాన హైడ్రేట్లు దొరికాయి. హైడ్రేట్ల జాడ సీస్మిక్‌లో బీఎస్ఆర్ అనే గీతగా ఉంటుంది. అది సముద్రం అడుగుకు సమాంతరంగా పోతూ, పొరలను అడ్డంగా కోస్తుంది, గుర్తు అడుగుకు వ్యతిరేకం. మల్టిపుల్ గుర్తు కూడా వ్యతిరేకమే కదా అని మీకు తట్టిందంటే ఇంతవరకు శ్రద్ధగా చదివినట్టే. తేడా ఏమిటంటే, మల్టిపుల్ రెట్టింపు కాలం దగ్గర, రెట్టింపు వాలుతో ఉంటుంది. బీఎస్ఆర్ అడుగుకు కొద్ది వందల మీటర్ల లోపే, అదే వాలుతో ఉంటుంది. హైడ్రేట్లున్న పొర కొన్నిసార్లు వెలవెలబోయి కనబడుతుంది. ఏజీసీ వేస్తే ఆ వెలవెలపాటు కూడా పోతుంది, జాడలో సగం చెరిగిపోయినట్టే.

తర్వాత నోట్‌బుక్ ముందు పెట్టుకుని, మీరు పెన్సిల్ పెట్టాలనుకున్న ప్రతి చోటా ఆ గీత ఏ మెట్టులో మొదటిసారి కనబడిందో వెనక్కి తిప్పి చూడండి. పచ్చి షాట్లలోనే లీలగా ఉండి, ప్రతి మెట్టుకూ తేటపడుతూ వచ్చిందా? గట్టి పెన్సిల్‌తో గీయండి. ఎఫ్-ఎక్స్ డీకన్ తర్వాతే పుట్టిందా? చుక్కల గీత. ఏజీసీ తీస్తే పోయిందా? రబ్బరు తీసుకోండి.

వైకింగ్ లైన్ మీద ఇదంతా ఒక్కసారి పూర్తయ్యేసరికి సెలవు రోజులు ఏడెనిమిది పడతాయి. ఆ తర్వాత డచ్ ఉత్తర సముద్రంలోని ఎఫ్3 బ్లాక్ 3డీ డేటాను ఓపెన్‌డీటెక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరవండి, అదీ ఉచితమే. అందులో పైపొరల్లో గ్యాస్ మెరుపులు బోలెడు. ఇంకెవరో ప్రాసెస్ చేసిన డేటా అది, కాబట్టి మొదటి పేజీలో వాళ్లను అడగాల్సిన ప్రశ్నలు రాసుకోండి. మా ఇంటికి వచ్చేటప్పుడు ప్రింటవుట్ లేకపోయినా పర్లేదు, ఆ పేజీ తెండి.